పిన్నికి రాని భాష

"వో గూంగీ మౌసీ నహీఁ రహీఁ, దీదీ" అన్నాడు మా తమ్ముడు ఫోన్లో. ఆ మూగ పిన్ని పోయిందని. వాడు భిలాయిలో పుట్టి భిలాయిలోనే ఉద్యోగం చేసుకుంటున్నవాడు. పెళ్లి కబురైనా చావు కబురైనా వాడి నోటికి ముందు హిందీయే వస్తుంది. క్యాంప్ 2లో మా పాత వీధి వైపు పనిమీద వెళితే ఎవరో చెప్పారట. దహనం కూడా అయిపోయి చాలా రోజులైందట. "అచ్ఛా" అన్నాను. ఫోన్ పెట్టేశాక వంటగదిలోకి వెళ్లి, ఎందుకు వెళ్లానో గుర్తురాక అక్కడే నిలబడిపోయాను.

ఆవిడ మూగది కాదు. గొంతెత్తితే వీధి చివర కుళాయి దగ్గర నీళ్లు పట్టుకునేవాళ్లు తల తిప్పి చూసేవారు. కాని ఆ గొంతు తెలుగులోనే లేచేది. శ్రీకాకుళం జిల్లాలో టెక్కలి అవతల పల్లె నుంచి పెళ్లై వచ్చి, పాతికేళ్లకు పైగా భిలాయిలో కాపురం చేసి కూడా ఆవిడ హిందీ మాట నోట పలికేది కాదు. తెలుగు రానివాళ్లతో చేతులతో, కళ్లతో, గడ్డంతో మాట్లాడేది. మా వీధిలో బీహారీ పిల్లలు నిజంగానే మూగదనుకుని ఆ పేరు పెట్టారు. ఒకరోజు వాళ్ల బంతి వచ్చి ఆవిడ ఆరబెట్టుకున్న వడియాల మీద పడింది. ఆవిడ బయటికొచ్చి తెలుగులో అందుకునేసరికి పిల్లలు బంతి వదిలేసి పారిపోయారు. మౌసీకి మాటొచ్చేసిందని ఒకడు వాళ్లమ్మ దగ్గర ఏడ్చాడట. పేరు మాత్రం మారలేదు. వీధిలో తెలుగువాళ్లకి ఆవిడ పిన్ని, వాళ్లాయన బాబాయి. వాళ్లకి పిల్లలు లేరు.

పిన్నితో సుపేలా బజారుకి వెళ్లడం నాకు ఇష్టంగా ఉండేది. వంకాయ తీసి, తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి, వాసన చూసి, అమ్మేవాడి మొహంలోకి జాలిగా చూసేది. ఆ చూపుకి వాడు తనంతట తానే బుట్ట అడుగు నుంచి లేత కాయలు తీసేవాడు. పాలు పోసే భయ్యా దగ్గర గిన్నెలో వేలు ముంచి పైకెత్తి, చుక్క ఎంత తొందరగా జారిపోతోందో వాడికే చూపించి, అదే వేలితో కుళాయి వైపు చూపించేది. వాడు గొణుక్కుంటూ ఇంకొంచెం పోసేవాడు. పక్కింటి ఒడియా అమ్మాయికి నొప్పులొచ్చి, రిక్షా దొరక్క ఆలస్యమైనప్పుడు పిన్ని ఎదురుగా కూర్చుని, తను ఊపిరి తీసి వదులుతూ ఆ పిల్ల చేత తీయించింది. "మౌసీ నాకు అన్నీ చెప్పింది" అనేది ఆ అమ్మాయి తర్వాత. పిన్ని ఆమెతో ఒక్క మాట కూడా అనలేదు. అక్కడే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు.

హిందీ ఎందుకు నేర్చుకోలేదని నేనొకసారి అడిగాను. అప్పుడు నేను వీధి మొగలో ఉన్న చిన్న బడిలో టీచరుగా చేస్తున్నాను. సాయంత్రాలు వాళ్లింటి అరుగు మీద కూర్చునేదాన్ని. పిన్ని చేటలో బియ్యం ఏరుతోంది.

"కాపరానికొచ్చిన కొత్తలో పిల్లా, మీ బాబాయి దాల్, చావల్ అని నేర్పి దుకాణానికి తోలుకెల్లినాడు. నాను దాల్ అనబోయి బాల్ అన్నానట. అరకిలో బాల్ ఇమ్మన్నానట. బాల్ అంటే ఎంటికలట కదేటి. వరసలో ఉన్నోలందరూ ఒకటే నవ్వు. ఆలు నవ్వితే నవ్వినారు, ఆలెవులు నాకు? మీ బాబాయి కూడా నవ్వినాడు. ఇంటికొచ్చీదాకా నవ్వుతానే ఉన్నాడు. ఆయేల అనుకున్నాను, ఇంక ఈ ఊరి మాట నా నోట రాకూడదని."

రాయి ఒకటి దొరికితే వీధిలోకి విసిరేసింది.

"అంత చిన్నదానికేనా పిన్నీ?"

"నీకు సిన్నది" అంది.

బాబాయి మంచివాడు. ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో కూలీగా వచ్చి, తర్వాత బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పర్మనెంటు అయినవాడు. మాతో తెలుగు, డ్యూటీలో హిందీ, కూరగాయలు అమ్మే బిసాహిన్ బాయితో అక్కడి పల్లెల భాష ఛత్తీస్‌గఢీ మాట్లాడేవాడు. ఒకదాంట్లోంచి ఇంకొకదాంట్లోకి గడప దాటినంత సులువుగా వెళ్లిపోయేవాడు. రేషను దగ్గరైనా, ఆసుపత్రిలోనైనా పిన్ని తరఫున ఆయనే మాట్లాడేవాడు. దుకాణం దగ్గర నవ్విన సంగతి ఆయనకి గుర్తు కూడా లేదనుకుంటాను.

తొంభైల మొదట్లో, ఒక ఎండాకాలం పొద్దున్న ఫస్టు షిఫ్టుకి తయారవుతూ, బూట్ల తాళ్లు కట్టుకుంటూ ఆయన ముందుకి పడిపోయాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకి పోయింది. మాట లేదు. ఆసుపత్రిలో చాలా రోజులున్నారు. బడి అయ్యాక నేను వెళ్లి, డాక్టర్లు చెప్పేది పిన్నికి తెలుగులో చెప్పేదాన్ని. అంతకుముందు ఆ పని బాబాయిది.

ఆయనకి మాట వచ్చిన రోజు నేను మంచం పక్కనే ఉన్నాను. పిన్ని చెంచాతో గంజి పడుతోంది. ఆయన తల పక్కకి తిప్పి, గొంతులో ఏదో కూడదీసుకుని, "మోలా... పానీ దే" అన్నాడు. వార్డులో ఊడ్చే ఛత్తీస్‌గఢీ ఆయా చీపురు పడేసి, నవ్వుతూ వచ్చి నీళ్లు అందించింది. పిన్నికి కళ్లనీళ్లు తిరిగాయి.

"ఏటన్నాడు?" అంది నాతో.

"నీళ్లిమ్మన్నాడు పిన్నీ."

"నీలయితే నీలని అడగొచ్చు కదేటి" అంది, కళ్లు తుడుచుకుంటూ నవ్వుతూనే.

తెలుగు కూడా వెనకాలే వస్తుందనుకున్నాం. రాలేదు. ఇంటికి తెచ్చాక నెమ్మదిగా మాటలు పెరిగాయి. అన్నీ ఛత్తీస్‌గఢీ మాటలే. మధ్యమధ్య కాస్త హిందీ. పిన్ని తెలుగులో మాట్లాడితే ఆయన కళ్లు చిట్లించి చూసేవాడు. ఆ గొంతు ఎక్కడో విన్నాను, ఎవరిదో అన్నట్టు. డాక్టరుని అడిగితే, రెండుమూడు భాషలు తెలిసినవాళ్లకి దెబ్బ తగిలాక ఏది మిగులుతుందో, ఏది తిరిగొస్తుందో ముందుగా చెప్పలేమన్నాడు. పుట్టినప్పటి భాషే పోయి, మధ్యలో నేర్చుకున్నది నిలవడం కూడా ఉంటుందన్నాడు. నేను ఆ ముక్క తెలుగులో చెప్పాను.  "అయితే నాను పోనానన్నమాట" అంది పిన్ని.

అలా నేను భార్యాభర్తల మధ్య దుబాసీనయ్యాను. అన్నం, నీళ్లు, దుప్పటి, దొడ్డికి వెళ్లడం లాంటివాటికి వాళ్లకి నా అవసరం లేదు. పిన్ని ఆయన ఎడమచెయ్యి ఎలా కదిలిందో చూసి గ్రహించేది. వీపు దురద, దోమ, వెలుతురు కళ్లలో పడటం, అన్నీ ఆయన అనకముందే ఆవిడకి తెలిసేవి. అంతకుమించిన మాటలకే నేను కావలసి వచ్చేది. మధ్యాహ్నం పూట ఆయన ఒక్కోసారి గోడ కేసి చూస్తూ గుడగుడా చాలాసేపు మాట్లాడేవాడు. సగం మాటలు ముద్దగా ఉండేవి. నాకు దొరికినంత నేను చెప్పేదాన్ని.

"అంత పొడుగు సెప్పినాడు, నువ్వు ఇంతే సెప్పినావు. మిగిలిందేదీ?" అనేది పిన్ని.

"నాకూ అర్థం కాలేదు పిన్నీ."

"అర్తం కాపోతే అడుగు. ఉత్తినే ఒగ్గీకు."

అడిగితే ఆయన నాకే జవాబు చెప్పేవాడు. నా మొహం చూసే చెప్పేవాడు. ఒకరోజు పిన్ని కంచం కింద పెట్టేసి లేచి నిలబడింది. "సూడు. మాట నాకు సెప్తన్నాడు, మొకం నీది సూత్తన్నాడు. నాకేసి సూసి సెప్పమను" అంది. నేను ఆ మాట ఆయనకి చెప్పాను. ఆయన పిన్ని వైపు తిరిగి చూశాడు. చూసి, ఏం చెప్పాలో మర్చిపోయినట్టు నోరు తెరిచి ఉండిపోయాడు. పిన్ని పెరట్లోకి వెళ్లిపోయింది.

బిసాహిన్ బాయి రోజూ పొద్దున్నే తట్ట నెత్తిన పెట్టుకుని వచ్చేది. బాబాయి జబ్బుపడ్డాక మొదటిసారి గుమ్మంలో తట్ట దించి, మంచం మీద ఆయన్ని చూసి, "కైసే హస్ గా? కా సాగ్ ఖాయే హస్?" అంది. ఎలా ఉన్నావు, ఏం కూర తిన్నావు అని. వాళ్ల ఊళ్లలో ఎవరు ఎదురైనా ముందు అడిగేది అదే. బాబాయి మొహం విప్పారింది. ఏదో అన్నాడు. ఆవిడ పకపకా నవ్వి ఇంకేదో అంది. ఆయన కూడా నవ్వాడు. మూతి వంకర పోయినా నవ్వే. ఆసుపత్రి నుంచి వచ్చాక మేం విన్న మొదటి నవ్వు అది.

పిన్ని ఆయన ఒళ్లు తుడవడానికి వేడినీళ్ల గిన్నె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. గిన్నె అక్కడే పెట్టేసి వచ్చి, తట్ట ఎత్తి బిసాహిన్ బాయి చేతుల్లో పెట్టి, వీధి వైపు గడ్డం చూపించింది. బిసాహిన్ బాయి వెళ్లిపోయింది. తర్వాత కొన్నాళ్లు పక్కింటి దాకా వచ్చి తిరిగిపోయేది.

కొన్నాళ్లకి ఒక సాయంత్రం పిన్ని నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. బాబాయి మేలుకునే ఉన్నాడు.

"నువ్వొకటి అడగాల పిల్లా. సిగ్గుపడకు. కన్నతల్లి బాస పోయింది, నాతో ఇన్నేల్లు మాటాడిన బాస పోయింది, అదొక్కటీ ఎలగుండిపోనాది? అంత లోపలికి ఎలగెల్లింది? నాను రాకముందు ఇక్కడ ఎవుతైనా ఉండేదా? ఏ ఆడమనిసి కాడ నేర్సినాడో అడుగు."

నాకు పెళ్లి కూడా కాలేదు. అలాంటి ప్రశ్న తండ్రి వయసు మనిషిని ఎలా అడగను? అడగలేనన్నాను. "నాకు నోరుంటే నిన్ను అడగమందునా?" అంది పిన్ని. ఆ గొంతు విని అడిగేశాను. తల దించుకుని, మెల్లగా, ఈ భాష నీకు ఎవరు నేర్పారు బాబాయీ అని.

ఆయన అర్థం చేసుకున్నాడు.  "దాయి" అన్నాడు. మళ్లీ, "దాయి... బాసీ" అన్నాడు. ఎడమచేతి వేళ్లు ఐదూ కలిపి నోటి దగ్గర పెట్టుకున్నాడు. కళ్లలోంచి నీళ్లు చెవుల్లోకి కారిపోతున్నాయి.

"దాయి అంటే అమ్మ. బాసీ అంటే చద్దన్నం" అన్నాను.

"ఆలమ్మ ఈ ఊరెప్పుడొచ్చింది? దాని పానం మా ఊర్లోనే పోనాది" అంది పిన్ని.

నాకు అంతకంటే దొరకలేదు. మర్నాడు పిన్నే పక్కింటి దాకా వెళ్లి, బిసాహిన్ బాయి మణికట్టు పట్టుకుని తీసుకొచ్చి, మంచం పక్కన పీట వేసి కూర్చోబెట్టింది. ఆయన వైపు చూపించి, తన నోటి దగ్గర వేళ్లు ఆడించి చూపించింది, మాట్లాడు అని. బిసాహిన్ బాయి అడుగుతూ, ఆయన ముక్కలు ముక్కలుగా చెబుతూ, వాటిని ఆవిడ అతుకుతూ, నేను తెలుగులో పెడుతూ ఆ కథ బయటికి రావడానికి పొద్దంతా పట్టింది. ఇంతా చేసి కథ చిన్నదే. భిలాయి వచ్చిన తొలి వానాకాలంలో కూలీల రేకుల షెడ్డులో ఆయనకి విషజ్వరం వచ్చింది. తోటివాళ్లు అంటుకుంటుందని దూరంగా పడుకోబెట్టారు. మట్టిపనికి వచ్చే ముసలమ్మ ఒకావిడ ఆయన్ని తన గుడిసెకి తీసుకెళ్లింది. ఆ వానాకాలమంతా బాసీ పెట్టి బతికించింది. ఆ ఇంట్లో తెలుగు విన్నవాళ్లు లేరు. పలకడం, తినడం, లేచి నడవడం అన్నీ ఆ భాషలోనే మళ్లీ మొదలుపెట్టాడు. తర్వాత ఆ గుడిసెలు లేచిపోయాయి. ఆవిడ ఎటు పోయిందో ఆయనకి తెలియదు.

బిసాహిన్ బాయి కొంగుతో కళ్లు తుడుచుకుంది. పిన్ని ఏడవలేదు.

"ఇన్నేల్లు నాతో కాపరం సేసి ఆ ముసిల్దాని మాట ఒక్కపాలి సెప్పలేదు" అంది. "మాట ఉన్నన్నాల్లూ ఎందుకు సెప్పలేదు? సద్దికూడంటే నాకు తెల్దా?"

ఇది అనువదించమని ఆవిడ అడగలేదు. నేను చెప్పలేదు.

మర్నాటి నుంచి పిన్ని పొద్దున్నే ఆయనకి చద్దన్నం, నంజుకోడానికి ఉల్లిపాయ పెట్టి తినిపించేది. ఆయన ఆత్రంగా తినేవాడు. బిసాహిన్ బాయి రోజూ అమ్మకం అయ్యాక వచ్చి కాసేపు కూర్చునేది. ఊరి సంగతులు, పంటలు, కోడళ్ల గొడవలు చెప్పేది. ఆయన ఊఁ కొట్టేవాడు. పిన్ని గోడకి జారగిలబడి, వాళ్లిద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తూ కూర్చునేది. వాళ్లు నవ్వితే ఒక్క క్షణం ఆలస్యంగా తనూ నవ్వేది. ఏమన్నారో చెప్పనా అని అడిగితే వద్దనేది. నేర్చుకోరాదా పిన్నీ అని కూడా అన్నాను ఒకసారి. అప్పటికి ఆవిడ పట్టుదల ఎప్పుడో కరిగిపోయింది. "నోరు తిరగటం లేదు పిల్లా. సాటున అనుకుని సూసినాను. గుర్తుండదు" అంది. తెలియకుండా నేర్చుకోవాలని ఆవిడ వంటింట్లో ప్రయత్నించిందని నాకప్పుడే తెలిసింది.

రెండోసారి దెబ్బ చలికాలంలో తగిలింది.

ఆ రోజు మిట్టమధ్యాహ్నం. నేను మూడో తరగతికి లెక్కలు చెబుతున్నాను. గుమ్మంలో పిన్ని కనిపించింది. చెప్పులు లేవు. జుట్టు ఊడిపోయి ఉంది. పెదవులు ఆగకుండా కదులుతున్నాయి, పిల్లలు పరీక్షకి ముందు ఎక్కం వల్లించుకున్నట్టు. నన్ను చూడగానే పైకి అంది. ఆ మాట దారిలో జారిపోతుందేమోనని భయపడుతూ ఇంటి దగ్గర్నుంచి అలాగే అనుకుంటూ పరిగెత్తి వచ్చిందన్నమాట.

"తైఁ ఝన్ జాబే. తైఁ ఝన్ జాబే. ఏటది పిల్లా? అదే అంతన్నాడు. పొద్దున్నించి మాటే లేదు, ఇప్పుడు అదొక్కటే అంతన్నాడు. ఆయాసపడతన్నాడు. ఏటి కావాలట? బేగి సెప్పు."

ఆవిడ నోట మొదటిసారి తప్పు లేకుండా పరాయి మాట విన్నాను. ప్రతి అక్షరం ఆయన ఎలా అన్నాడో అలాగే ఉంది.

"నువ్వు వెళ్లొద్దంటున్నాడు పిన్నీ" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నన్ను చూసింది. పిల్లలు ఎవరో నవ్వారు. పిన్ని వెనక్కి తిరిగి పరిగెత్తింది. నేనూ పరిగెత్తాను. వీధి దూరం ఎక్కువేం కాదు, అయినా నాకంటే ముందే చేరిపోయింది. నేను గుమ్మంలో అడుగుపెట్టేసరికి మంచం దగ్గర నేల మీద కూర్చుని ఉంది. బాబాయి కళ్లు తలుపు వైపు తెరిచి ఉన్నాయి. ఊపిరి లేదు.

వీధంతా వచ్చింది. బిసాహిన్ బాయి వచ్చి తన భాషలో శోకాలు పెట్టింది. పిన్ని మాత్రం ఏడవలేదు. ఎవరు ఏం చెప్పినా విననట్టే ఉంది. ఊరి నుంచి వచ్చిన బంధువులు కర్మకాండ జరిపించి, తమతో వచ్చేయమన్నారు. రానంది. వాళ్లు వెళ్లిపోయాక ఒక సాయంత్రం నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. దీపం పెట్టలేదు. ఇంకా కాస్త వెలుతురు ఉంది. ఏదో ఒకటి అనాలి కదా అని, "నువ్వు దగ్గరే ఉండాలని అడిగాడు పిన్నీ, నీమీద అంత ఇది ఆయనకి" అన్నాను.

పిన్ని నా వైపు తిరిగింది.

"మాటకేటిలే పిల్లా. మాట నాకు తెల్దు, అది నా తప్పు కాదు. దానికి నాను ఏడవను" అంది. "నీ సెయ్యి ఇలగియ్యి."

నా ఎడమచెయ్యి తీసుకుని తన కుడి మణికట్టు మీద పెట్టుకుంది. నా వేళ్లు దాని చుట్టూ ముడిచి, ఇంకా గట్టిగా పట్టుకోమన్నట్టు రెండోచేత్తో అదిమింది. పట్టుకున్నాను. గాజులు లేని ఆ మణికట్టు సన్నగా, వేడిగా ఉంది.

"ఇలగ పట్టుకున్నాడు. ఆ ఒంట్లో అంత బలం ఎక్కడిదో. ఇలగ పట్టుకుని ఆ మాటంతన్నాడు. ఎవులైనా ఇలగ పట్టుకుంటే ఏటని అర్తం? పసిపిల్లకి కూడా తెలస్తాది. నాకు తెలీలేదు. నాను మాట కోసం సూసినాను. ఆ మాటేటో నిన్ను అడుగుదారని..."

 తన రెండోచేత్తో నా చిటికెనవేలు పట్టి పైకి లేపింది. దాని పక్కది లేపింది. నేను పట్టు సడలించబోతే, వద్దు, అలాగే పట్టుకో అన్నట్టు తల ఊపింది. పట్టుకునే ఉన్నాను. ఒక్కొక్కటీ బలవంతంగా విప్పింది. ఆఖరికి బొటనవేలు కూడా విడిపించి, నా చెయ్యి తెచ్చి నా ఒళ్లో పెట్టేసింది.